నాలుగు ప్రతుల్లో తిరుగుబాటు

"తిరుగుబాటు చేయదలచిన విద్యార్థినీ విద్యార్థులు నిర్ణీత దరఖాస్తును ఈ నెల పదో తేదీ సాయంత్రం నాలుగు గంటలలోగా నాలుగు ప్రతుల్లో సమర్పించవలెను. తల్లి లేదా తండ్రి సంతకం లేని తిరుగుబాట్లు పరిగణించబడవు."

మా శాంభవి ఈ కాగితం తెచ్చి నా ముందు పెట్టేసరికి నేను దొండకాయలు తరుగుతున్నాను. చెయ్యి తుడుచుకుని రెండుసార్లు చదివాను. కింద ప్రిన్సిపాల్ గారి సంతకం, గుండ్రటి ముద్ర, అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

"దేని మీదే తిరుగుబాటు?" అన్నాను.

"అది ఆరో గడిలో ఉందమ్మా. 'వ్యవస్థ' అని వాళ్ళే అచ్చు వేయించారు. మనం టిక్కు పెడితే చాలు."

"తొందరేం లేదుగా. ముందు అన్నం తిను," అని దాని సంచీలోంచి నీళ్ళ సీసా తీశాను. పొద్దున నేను నింపి ఇచ్చింది నింపినట్టే ఉంది.

ఆ సీసా సంగతి ముందే చెప్పాలి. వాళ్ళ కాలేజీలో రెండో అంతస్తు ఆడపిల్లలది. అక్కడ ఆరు బాత్రూములున్నాయి. ఆరింటికీ తలుపులున్నాయి, గొళ్ళేలున్నాయి, రెండేళ్ళుగా నీళ్ళు మాత్రం లేవు. అందుకని ఆ పిల్లలు పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు తాగరు. కిందటేడు వేసవిలో మా శాంభవికి నొప్పీ, జ్వరమూ వచ్చి వారం రోజులు మంచమెక్కింది. డాక్టరమ్మ మందు చీటీ మీద అన్నిటికంటే పైన "నీళ్ళు బాగా తాగాలి" అని రాసి కింద గీత గీసింది. చీటీ ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. సీసా నిండుగా తిరిగొస్తూనే ఉంది.

ఆ కాగితం పైన బ్రాకెట్లో 'పంక్ ఉద్యమం' అని ఉంది. ఇక పంక్ సంగతి. పంక్ అంటే ఏమిటో నాకు చెప్పింది మా అమ్మాయే. యాభై ఏళ్ళ కిందట లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ చేతిలో పనిలేని కుర్రకారు, పెద్ద పెద్ద విద్వాంసులు పావుగంటసేపు ఆపకుండా వాయించే గిటార్లు వినీ వినీ విసిగిపోయారట. గిటారు మీద మూడు కార్డ్‌లు, అంటే తీగల మీద మూడు పట్లు, వస్తే చాలు, మన పాట మనమే వాయించుకుందాం అన్నారట. బట్ట చిరిగితే పిన్నీసు పెట్టుకున్నారు. జుట్టు ముళ్ళకంపలా నిలబెట్టుకున్నారు. పత్రికలు తమ గురించి రాయకపోతే తామే రాసుకుని, అక్షరాలు కత్తిరించి అతికించి, జిరాక్సు తీసి పంచుకున్నారు. ఎవరి దయా అక్కర్లేదు, నీకు కావలసింది నువ్వే చేసుకో, నీ మాట నువ్వే గట్టిగా చెప్పు, అదీ సిద్ధాంతం. విని, ఇందులో కొత్తేముంది, ఒక్క గట్టిగా చెప్పడం తప్ప మిగతాదంతా పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చేస్తున్నదే కదా అనుకున్నాను. పైకి అనలేదు.

మా అమ్మాయీ ఇద్దరు స్నేహితురాళ్ళూ కలిసి అలాంటి బృందమొకటి పెట్టుకున్నారు. పేరు "ఎండిన కుళాయి". రజియా గిటారు వాయిస్తుంది. వాళ్ళ మావయ్యది. ఆరు తీగల్లో నాలుగున్నాయి. మేరీ గ్రేసు డ్రమ్ములు, అంటే రెండు పెయింటు డబ్బాలు, ఒక కుక్కరు మూత. కుక్కరు మాదే. గ్రేసు వాళ్ళ నాన్న బోర్లు రిపేరు చేస్తాడు. ఆయన సామాన్లలోని చిన్న పానా ఒకటి పట్టుకుని గ్రేసు ఆ డబ్బాల మీద బాదుతుంది. మా శాంభవి పాడుతుంది, లేదా అరుస్తుంది. నేను పదో తరగతి దాకా వీణ నేర్చుకున్నదాన్ని. మా హాల్లో వాళ్ళు మొదటిసారి వాయించినప్పుడు సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. రెండోసారి మాటలు వినపడ్డాయి. కూర్చున్నాను.

రెండో అంతస్తు, ఆరు తలుపులు
ఆరింటికీ గొళ్ళెం ఉంది, నీళ్ళు లేవు
పొద్దుటి సీసా సాయంత్రం దాకా నిండే ఉంది
దాహానికి కూడా హాజరు వేస్తారా సారూ

అంతే పాట. మూడు నిమిషాల్లో అయిపోతుంది. అందులో రెండు నిమిషాలు "నీళ్ళు లేవు" అన్నదే.

కాలేజీకి తనిఖీ సంఘం రాబోతోందనీ, అందుకే ఈ తిరుగుబాట్లనీ నాకు కమిటీ మీటింగులో తెలిసింది. అవును, నేను కమిటీ సభ్యురాలిని. రెండేళ్ళ కిందట ఆ బాత్రూముల గురించి అడగడానికి వెళ్ళాను. ప్రిన్సిపాల్ దక్షిణామూర్తి గారు కుర్చీ వేయించారు, కాఫీ తెప్పించారు, సావధానంగా విన్నారు. "మీలాంటి చదువుకున్న తల్లులు మాకు కావాలమ్మా," అని నాణ్యతా కమిటీలో తల్లిదండ్రుల ప్రతినిధిగా వేశారు. ఆ కాలేజీలో ఫిర్యాదు చేసినవాళ్ళని తిప్పి పంపరు, సభ్యుల్ని చేస్తారు. సభ్యులయ్యాక ఫిర్యాదు చేయడం పద్ధతి కాదు, ఎజెండాలో పెట్టించాలి. ఎజెండా ప్రిన్సిపాల్ గారు రాస్తారు.

నా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మినిట్స్ పుస్తకం కూడా నాకే అప్పగించారు. ఎవరేమంటే అది రాస్తాను. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క తీయను. రాసింది అందరి ముందూ పెడతాను, అందరూ చదవకుండా సంతకం పెడతారు.

ఆ రోజు ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా, పైనుంచి వచ్చిన సర్క్యులర్ ప్రకారం ప్రతి కళాశాలలోనూ ఒక అంతర్జాతీయ యువజన సాంస్కృతిక ఉద్యమం నెలకొని ఉండాలి. దానికి యాభై మార్కులు. నేను అన్నిటినీ కూలంకషంగా పరిశీలించాను. శాస్త్రీయ సంగీతానికి గురువు కావాలి. నాట్యానికి గురువుతోపాటు గచ్చు కావాలి. పంక్‌కి గురువు ఉండకూడదన్నది మూలసిద్ధాంతం. కావలసింది ఎవరికి వారే చేసుకోవాలి. పరికరాలు ఎవరివి వారివే. బట్టలు పాతవి. సరిగ్గా వాయించడం రాకపోవడం అర్హత. ఈ నాలుగు అంశాల్లోనూ మన కళాశాల ఇప్పటికే ప్రపంచస్థాయిలో ఉంది."

అందరూ బల్ల చరిచారు. కామర్సు గోవర్ధన్ గారిని పంక్ సెల్ కన్వీనరుగా ప్రకటించారు. ఆయన రోజూ కొబ్బరినూనె రాసుకుని పక్కపాపిడి తీసుకుని వస్తారు. ఆయనకి గురువారం మూడో పీరియడ్ ఖాళీ, అదీ కారణం. అందువల్ల కళాశాలలో తిరుగుబాటు గురువారం మూడో పీరియడ్‌కి పెట్టారు.

"చిరుగుల విషయం," అన్నారు గోవర్ధన్ గారు కాగితం చూసుకుంటూ. "మోకాలికి రెండంగుళాల కింద, అడ్డంగా, మూడంగుళాలు. ఆడపిల్లలకి లోపల లైనింగు. మనిషికి పిన్నీసులు రెండు, భద్రత దృష్ట్యా మొన బయటికి కనబడరాదు."

"చిరుగు ఉతుకుల్లో పెరిగితేనో?" అన్నాను.

ఆయన ఆలోచించారు. "మంచి పాయింటండి. పెరగకుండా అంచు కుట్టించాలి. మీ ఇంట్లో మిషను ఉంది కదండీ అమ్మగారూ."

అలా దరఖాస్తు పెట్టిన అరవైమంది తిరుగుబాటుదారుల చిరుగులకి కాజా కుట్టు వేసింది నేనే. జుట్టు నిలబెట్టే జెల్లు మంజూరు కాలేదు కాబట్టి గంజి కూడా మా ఇంటి నుంచే వెళ్ళింది. మీటింగులో దాన్ని "స్వదేశీ పరిజ్ఞానం" అన్నారు. అదీ రాశాను.

టీ ఇస్తున్న అటెండరు పోలయ్య అప్పుడు నోరు తెరిచాడు. పాతికేళ్ళుగా ఆ భవనంలో ఉన్న మనిషి. "అమ్మగారూ, తమరు ఆడపిల్లల బాత్రూముల గురించి అడిగేవోరు కదా. మేడ మీద వాల్వు ఒక్క తిప్పు తిప్పితే నీళ్ళొచ్చేత్తాయండి. కిందటి తనికీకి సార్ గది ముందర ఫౌంటెను పెట్టినప్పుడు ప్రెజరు సాలక కట్టేశారండి. మేడ తాళం ఇత్తే నేనే తిప్పేత్తాను."

ప్రిన్సిపాల్ గారు నొచ్చుకోలేదు. "పోలయ్యా, ఆ అంశం ఎజెండాలో లేదు. ఫౌంటెను అన్నది సంస్థ తాలూకు తొలి ముద్ర. నీటి విషయం పరిశీలనలో ఉంది. టీలో పంచదార తక్కువైంది."

ఇది పదమూడో పేజీలో రాశాను. పంచదారతో సహా.

ఆ నెలలో ఉద్యమం బాగా వ్యాపించింది. కింది అంతస్తులో ఫ్యాన్లు పాడైతే నోటీసు పెట్టారు: "పంక్ స్ఫూర్తితో విసనకర్రలు ఎవరివి వారే తెచ్చుకోవలెను." స్టాటిస్టిక్సు మాస్టారు రిటైరయ్యారు. "పంక్ స్ఫూర్తితో పాఠం ఎవరిది వారే చెప్పుకొనవలెను." ఒక కుర్రాడు జీన్సు తనంతట తానే, ఏ కొలతా లేకుండా, తొడ దగ్గర చింపుకుని వచ్చాడు. వాణ్ణి గేటు దగ్గరే ఆపి, పద్ధతి ప్రకారం చిరిగిన ప్యాంటు వేసుకు రమ్మని ఇంటికి పంపేశారు.

ఇక మా పిల్లల పాట పరిశీలనకి వచ్చింది. తనిఖీ రోజున పాడటానికి కాలేజీలో నిజంగా పాట ఉన్నవాళ్ళు వాళ్ళొక్కళ్ళే. ముగ్గుర్నీ కమిటీ ముందు నిలబెట్టి గోవర్ధన్ గారు సాహిత్యం చదివారు. ఆయన చదువుతుంటే అది విద్యుత్ బిల్లులా వినిపించింది.

"పాటలో ఆవేశం ఉంది, అభినందనీయం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "అయితే 'నీళ్ళు లేవు' అన్నది వాస్తవ ప్రకటన. కళారూపంలో వాస్తవ ప్రకటనలు ఉండకూడదు. దాని స్థానంలో 'నీటి సరఫరా అంశం పరిశీలనలో ఉన్నది' అని పాడండి."

"గ్రేసూ, కొట్టు," అంది మా అమ్మాయి. బల్లే డబ్బా అయింది. పానాతో గ్రేసు నాలుగు దెబ్బలు వేసింది. శాంభవి కొత్త మాట అందుకుంది. "సరఫరా" దగ్గర ఊపిరి తీసుకుంది, "అంశం" దగ్గర తాళం తప్పింది, "పరిశీలన" మధ్యలో ఆగిపోయింది.

"ఇది గిటారులో పట్టదండి సార్," అంది రజియా. ఆ పిల్ల చాలా మర్యాదస్తురాలు.

"సాధన చేస్తే పడుతుందమ్మా."

"మీరొకసారి పాడి చూపిస్తారాండి?"

గోవర్ధన్ గారు సాహిత్యం కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. తరవాత ప్రిన్సిపాల్ గారు, సవరణను ఉల్లంఘించి పాడినట్లయితే తిరుగుబాటు నియమావళి ప్రకారం క్రమశిక్షణా చర్య ఉంటుందని చెప్పారు. అదీ రాశాను.

ఇంటికొచ్చాక శాంభవి నిండు సీసా తీసి బల్ల మీద పెట్టింది. మెల్లిగా అంది, "నువ్వు కూడా సంతకం పెట్టావు కదమ్మా ఆ మీటింగులో."

"పెట్టాను. రాసింది నేనే కదా."

"రెండేళ్ళయింది నువ్వు సభ్యురాలివై. ఒక్క బకెట్టు నీళ్ళొచ్చాయా?"

సీసా తీసి సింకులో ఒంపేశాను. రోజూ అదే సింకు, అదే సీసా.

తనిఖీకి రెండు రోజుల ముందు గోవర్ధన్ గారు మా ఇంటికొచ్చారు. మనిషి పాపిడి చెదిరింది. "అమ్మగారూ, తనిఖీ జాబితాలో ఏడో అంశం మర్చిపోయామండి. పంక్‌వాళ్ళకి జిరాక్సు పత్రిక ఉండాలట. రెండు వందల ప్రతులు. పిల్లల్ని రాయమంటే అందరూ పర్యావరణ పరిరక్షణ మీద వ్యాసాలిచ్చారు. మీ దగ్గర రాసినవేమైనా ఉన్నాయాండి? ఏదైనా ఫర్వాలేదు. ఓ ఇరవై పేజీలుంటే చాలు."

"ఉన్నాయండి," అన్నాను. "కొత్తవేం కావు. మీరంతా సంతకాలు పెట్టినవే."

"ఆమోదం అయినవేనా?" ఆయన ముఖం తేటపడింది. "అయితే ఇంక చూడక్కర్లేదండి."

ఆయనకి కాఫీ ఇచ్చి పంపించాను. ఆ సాయంత్రం ముగ్గురు పిల్లలూ మా భోజనాల బల్ల చుట్టూ చేరారు. మినిట్స్ పుస్తకం పేజీలు జిరాక్సు తీయించి తెచ్చి, కత్తిరించి, వంకరటింకరగా అతికించారు. పాత పెళ్ళిపత్రికల్లోంచీ క్యాలెండర్లోంచీ అక్షరాలు కోసి అట్ట మీద పేరు పేర్చారు: "ఆమోదించడమైనది". శుభలేఖలోని "ఆ" బంగారు రంగులో పడింది. మైదాపిండి ఉడికించి బంక ఇచ్చాను. నేను అంతకంటే ఏమీ చేయలేదు.

తనిఖీ సంఘంలో ముగ్గురు. వాళ్ళకి పెద్ద, సుగుణమ్మ గారు, ఎక్కడో యూనివర్సిటీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నూలు చీర, చేతిలో గొడుగు. ఫౌంటెను నీళ్ళు ఆవిడ చెప్పుల మీద చిందుతుండగా ప్రిన్సిపాల్ గారు ఆహ్వానించారు. సభలో గోవర్ధన్ గారు రుమాలు ఊపగానే అరవైమందీ రోల్ నంబర్ల వరసలో లేచి, "వ్యవస్థ నశించాలి," అని మూడుసార్లని, వరసగానే కూర్చున్నారు. గంజి ఎండి రెండు తలల మీంచి పొట్టు రాలింది. వ్యవస్థ తరఫున ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొట్టారు.

తరవాత మా వాళ్ళని పిలిచారు. ముగ్గురూ తలకి నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, ఇస్త్రీ చుడీదార్లలో స్టేజీ ఎక్కారు. అరవై చిరుగుల మధ్య వాళ్ళు ముగ్గురే వింతగా కనిపించారు.

శాంభవి మైకు దగ్గరికి వచ్చింది. "మా పాట సవరణలో ఉందండి. సవరించిన పాట మాకు రాదు. అందుకని పాడటం లేదు."

క్రమశిక్షణా చర్య అని నేనే రాశాను కదా, ఎన్నో పేజీయో కూడా తెలుసు.

ప్రిన్సిపాల్ గారు తడుముకోలేదు. "మౌనం కూడా పంక్‌లో ఒక ప్రక్రియ మేడం."

సుగుణమ్మ గారు తల ఎత్తలేదు. ఆవిడ ఒళ్ళో పత్రిక ఉంది. వేలు తడి చేసుకుని ఒక పేజీ తిప్పారు, ఇంకొకటి తిప్పారు, వెనక్కి వచ్చి మళ్ళీ చదివారు.

"ప్రిన్సిపాల్ గారూ, పదమూడో పేజీలో పోలయ్య గారని ఒకరు మాట్లాడారు. ఆయన ఉన్నారా?"

పోలయ్య టీ పళ్ళెంతో గుమ్మంలోనే ఉన్నాడు.

"వాల్వు తిప్పితే నీళ్ళొస్తాయన్నారట మీరు."

"అన్నానండి." పళ్ళెం చెయ్యి మార్చుకున్నాడు. "అది పుస్తకంలోకెక్కిందాండి?"

"ఎక్కింది. మరి తిప్పలేదేం?"

"మేడ తాళం బీరువాలో ఉందండి. బీరువా తాళం సార్ జేబులో ఉందండి."

"మేడం, సదరు అంశం..." అని మొదలుపెట్టారు ప్రిన్సిపాల్ గారు.

"పరిశీలనలో ఉంది. చదివాను. ఏడు పేజీల్లో ఉంది." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ ముందు పేజీలో మీ సిద్ధాంతం కూడా ఉంది. కావలసింది ఎవరికి వారే చేసుకోవాలని. నాకు బాగా నచ్చింది. దానికే కదా ఈ యాభై మార్కులు. పిల్లలు చేస్తారేమో అడగండి, చూద్దాం."

రెండు వందలమంది ముందు ఆ తాళంచెవి జేబులోంచి బయటికి రావడానికి, నా లెక్కన, ఒక దోసె కాలేంత సేపు పట్టింది.

మేడ మీదికి పిల్లలతోపాటు నేనూ ఎక్కాను. వాల్వు తుప్పుపట్టి ఉంది. గ్రేసు చుడీదారు జేబులోంచి పానా తీసింది. రజియా గొట్టం పట్టుకుంది, శాంభవి గ్రేసు చేతుల మీద చేతులు వేసింది. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కీచుమంది, వాళ్ళ పాటలాగే ఉంది ఆ చప్పుడు. మూడోసారి అర తిప్పు తిరిగింది. గొట్టంలో ఎవరో దగ్గినట్టయి, తరవాత నీరు జర్రున కిందికి పరిగెత్తింది.

పిట్టగోడ మీంచి చూస్తే ఫౌంటెను రెండుసార్లు ఎగిరి, చిన్నబోయి, ఆగిపోయింది.

రెండో అంతస్తులో ఆరు కుళాయిలూ ఒక్కసారే మాట్లాడుతున్నాయి. ముందు ఎర్రగా, తరవాత తెల్లగా. ఆడపిల్లలంతా ఎగబడ్డారు. మా శాంభవి సంచీలోంచి సీసా తీసి, అక్కడే నిలబడి, ఆపకుండా మొత్తం తాగేసింది. టైము పన్నెండూ పది. ఆ సీసా కాలేజీలోనే ఖాళీ కావడం ఈ రెండేళ్ళలో ఇదే మొదటిసారి. ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. మేడ మీద దుమ్ము ఎక్కువ.

కాలేజీకి మంచి గ్రేడే వచ్చింది. "ఆత్మవిమర్శతో కూడిన ప్రచురణ" అని ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. దాంతో ఇకనుంచి ప్రతి శాఖా నెలకొకసారి తనను తాను విమర్శించుకుని, విమర్శను ముందుగా ప్రిన్సిపాల్ గారి ఆమోదానికి పంపవలెనని నోటీసు వచ్చింది. మినిట్స్ పుస్తకం నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. అక్షరాలు మరీ స్పష్టంగా ఉన్నాయన్నారు.

మరుసటి వారం శాంభవి రెండు కవర్లు తెచ్చింది. రెండింటి మీదా ఒకే తేదీ, ఒకే సంతకం. మొదటిది ప్రశంసాపత్రం: "పంక్ స్ఫూర్తితో స్వయంగా కళాశాల నీటి సరఫరాను పునరుద్ధరించినందులకు." రెండోది మెమో: "కళాశాల ఆస్తియగు వాల్వును వ్రాతపూర్వక అనుమతి లేకుండా తిప్పినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా తల్లి లేదా తండ్రి సంతకంతో సంజాయిషీ ఇవ్వవలెను."

రజియా, గ్రేసు కూడా వచ్చారు. వాళ్ళకీ రెండేసి. ముగ్గురూ హాల్లో కూర్చుని మెమో పైకి చదువుకున్నారు. చదువుతూ చదువుతూ రజియా గిటారు తీసింది. "ఏల చర్య" దగ్గర ఒక కార్డ్, "తీసుకొనరాదో" దగ్గర రెండోది. గ్రేసు కుక్కరు మూత మీద అందుకుంది. మా శాంభవి లేచి నిలబడింది. ఒక్క అక్షరం మార్చలేదు, ఒక్క అక్షరం సవరించలేదు. చక్కగా పట్టింది. తేదీ, నంబరుతో సహా మూడు నిమిషాలొచ్చింది.

"సంజాయిషీ బదులు ఇదే ఇచ్చేద్దామా ఆంటీ? పెన్‌డ్రైవులో వేసి," అంది గ్రేసు.

"మెమో వాళ్ళదే, మాటలు వాళ్ళవే," అంది మా అమ్మాయి. "సంతకం ఒక్కటే కావాలి." నా వైపు చూసింది.

పెన్ను కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. మెమో కింద, తల్లి లేదా తండ్రి అన్నచోట, సంతకం పెట్టాను. అలవాటు కొద్దీ దాని కింద "ఆమోదించడమైనది" అని రాశాను. పాట ఎక్కించిన పెన్‌డ్రైవును చిన్న కవరులో వేశాను. ప్రశంసాపత్రం, మెమో, ఆ కవరు ఒకదాని మీద ఒకటి పెట్టి, పంక్ సెల్ వాళ్ళ మిగిలిపోయిన పిన్నీసుల డబ్బాలోంచి ఒకటి తీసి గుచ్చాను.

మొన బయటికే ఉంచాను.